సిప్పీఘాట్ నీటికి ఒక కొలతరాయి కావాలి

పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూర్ వెళ్లే దారిలో సుమారు 14 కిలోమీటర్ల దూరాన సిప్పీఘాట్ ఉంది. 2024లో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోట ఇంకా పాత పేరే తిరుగుతోంది. సిప్పీఘాట్‌లో పర్యాటకులకు చూపించేది సర్కారీ ఫారం. లవంగం, జాజికాయ, దాల్చినచెక్క, మిరియాలు, రకరకాల కొబ్బరి, అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఫారం దాటి కిందికి దిగితే రోడ్డు పక్కన విశాలంగా నీళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు బండి ఆపి, ఎంత పెద్ద చెరువో అనుకుంటూ ఫోటోలు తీసుకుంటారు. 2004 డిసెంబరు 25 దాకా అది వరిపొలం.

ఆ మర్నాడు ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర మొదలైన భూకంపం సముద్రగర్భాన్ని సుమారు 1,300 కిలోమీటర్ల పొడవునా చీల్చుకుంటూ అండమాన్ల ఉత్తరం దాకా వచ్చింది. దేశమంతా అలను చూసింది, అల గురించే మాట్లాడుకుంది. మా దీవుల్లో అంతకన్నా పెద్ద మార్పు నేలకు జరిగింది. ఉత్తరాన దిగ్లీపూర్ వైపు నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీళ్లలోంచి బయటపడి చచ్చిపోయాయి. దక్షిణ అండమాన్ మీటరు దాకా కుంగింది. గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది, అక్కడి లైట్‌హౌస్ అడుగుభాగం ఇప్పటికీ సముద్రంలోనే ఉంది. అల వచ్చింది, పోయింది. కుంగిన నేల మాత్రం కుంగినచోటే ఉంది. పోర్ట్ బ్లెయిర్ రేవు కొసన ఉన్న ఫ్లాట్ బే లోంచి కాలువల వెంట ప్రతి పోటుకూ సముద్రం సిప్పీఘాట్ పొలాల్లోకి రావడం అలా మొదలైంది.

నేను రోడ్ల పనుల్లో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యాను. లెవెల్ మిషను నిలబెట్టడం, ఎదురుగా స్టాఫ్ పట్టించడం, రీడింగు ఫీల్డు బుక్కులో ఎక్కించడం, ఇదే నా బతుకు. మా నాన్న మందస వైపు నుంచి వచ్చారు, విశాఖ ఓడరేవులో ఓడెక్కి. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది కథ అంతే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వేటకో కూలికో వచ్చి నిలిచిపోయినవాళ్లం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో 3.8 లక్షల మంది ఉంటే అందులో నూటికి పదమూడుగురి ఇంటి భాష తెలుగు. సిప్పీఘాట్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ల పక్కనే తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సెటిలర్ల కుటుంబాలు, రాంచీ వైపు నుంచి అడవి పనులకు తెచ్చిన ఆదివాసీ కుటుంబాలు, తమిళులు, ఖైదీల సంతతివారైన లోకల్‌ బోర్న్ వాళ్లు ఉంటారు. అందరి మధ్యా హిందీ నడుస్తుంది. సెటిలర్లకు అప్పట్లో సర్కారు కుటుంబానికి ఐదెకరాల పల్లపు భూమి, ఐదెకరాల కొండభూమి చొప్పున ఇచ్చింది. పల్లంలో వరి, కొండవాలులో కొబ్బరి, పోక. సముద్రం తీసుకుపోయింది ఆ పల్లపు ఐదెకరాలనే.

కుంగడమంటే ఏమిటో నేను చేత్తో పట్టుకుని చూశాను. సునామీ తర్వాత రోడ్డు ఎత్తు పెంచే పనికి లెవెల్స్ తీస్తున్నాం. పాత కల్వర్టు పక్కన కరెంటు స్తంభం ఒకటుంది. ఆటు వేళ నీళ్లు దిగిపోయాక దాని అడుగున ఒక గీత దాకా గుల్లలు అంటుకుని ఉండేవి, ఆ గీత పైన స్తంభం నున్నగా ఉండేది. కిందటి నెలల్లో పోటు ఎంతదాకా ఎక్కిందో ఆ గుల్లలే రాసిపెట్టాయి. స్టాఫ్ దాని పక్కన నిలబెట్టి చూస్తే గుల్లల గీత పాత రోడ్డు అంచుకు దాదాపు సమానంగా వచ్చింది. అమావాస్యకీ పున్నమికీ రోడ్డు మీద నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పొలాల్లో కొబ్బరిచెట్లు ముందు తల వాల్చాయి, తర్వాత మట్టలు రాలి మొద్దులుగా మిగిలాయి. వాటి మధ్య ఒకటీ రెండూ ఏళ్లలోనే మడ మొక్కలు లేచాయి.

మా అబ్బాయి ఇప్పుడు స్వీడన్‌లో వెస్టెరోస్ అనే ఊళ్లో ఇంజనీరు. విద్యుత్ యంత్రాలకు పేరుబడ్డ ఊరది. అసేయా (ASEA) అనే స్వీడిష్ కంపెనీ అక్కడే పెరిగి తర్వాత ఏబీబీలో కలిసింది. ఆ ఊరు మేలారెన్ సరస్సు ఒడ్డున ఉంది. కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు నేను ఆ సరస్సును ఓవర్సీరు కళ్లతోనే చూశాను. చూసినకొద్దీ సిప్పీఘాట్ గురించి నా ఆలోచన గట్టిపడింది.

మేలారెన్ స్వీడన్‌లో మూడో పెద్ద సరస్సు. వేనెర్న్, వెట్టెర్న్ దానికన్నా పెద్దవి. విస్తీర్ణం 1,100 చదరపు కిలోమీటర్ల ప్రాంతం, లోపల వెయ్యికి పైగా దీవులు, ఎటు చూసినా మూలలు తిరిగిన ఒడ్డు. తూర్పు కొసన స్టాక్‌హోమ్ దగ్గర బాల్టిక్ సముద్రంలో కలుస్తుంది. చుట్టూ స్టాక్‌హోమ్, ఉప్సాలా, వెస్టెరోస్, ఎస్కిల్‌స్టూనా, సోడర్‌టెల్యె నగరాలు. స్వీడన్ జనాభా సుమారు కోటి అయితే అందులో ముప్పై లక్షలకు పైగా ఈ ప్రాంతంలోనే ఉంటారు. దాదాపు ఇరవై లక్షల మంది తాగే నీళ్లు ఈ సరస్సువే.

ఇంతటి మంచినీటి సరస్సు ఒకప్పుడు సముద్రపు పాయ. మంచుయుగంలో స్కాండినేవియా మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని, ఆ బరువుకు నేల అణిగిపోయింది. మంచు కరిగి పదివేల ఏళ్లయినా, మనిషి లేచాక నెమ్మదిగా ఉబ్బే దూది పరుపులా ఆ నేల ఇంకా లేస్తూనే ఉంది. స్టాక్‌హోమ్ దగ్గర ఏడాదికి ఐదు మిల్లీమీటర్ల లెక్కన. తొమ్మిదో శతాబ్దంలో వైకింగ్ వర్తకులు బ్యోర్కో దీవిలోని బిర్కా పట్టణానికి నేరుగా సముద్రపు పడవల్లో వచ్చేవారు. అప్పటి నీటిమట్టం ఇప్పటికన్నా ఐదు మీటర్ల దాకా ఎత్తులో ఉండేది. నేల లేచేకొద్దీ పడవదారులు మూసుకుపోయాయి. పదో శతాబ్దం చివరికి బిర్కా ఖాళీ అయిపోవడానికి అదీ ఒక కారణమని చెబుతారు. వర్తకం సిగ్టూనాకు మళ్లింది. 1200 ప్రాంతానికి సముద్రపు పాయ తెగిపోయి సరస్సుగా మారింది. స్టాక్‌హోమ్ పేరు రాతల్లో మొదట కనిపించేది 1252లో. సముద్రానికీ సరస్సుకీ మధ్య గొంతులాంటి చోట ఆ నగరం లేచింది.

అక్కడ నేల లేచి సముద్రం సరస్సయింది, ఇక్కడ నేల కుంగి పొలం సముద్రమైంది. వాళ్లకు వందల ఏళ్లు పట్టింది, మాకు నిమిషాలు పట్టింది. రెండుచోట్లా మనుషుల ముందున్న పని ఒకటే. నేల కదులుతుందని ఒప్పుకుని, కదిలిన నేల మీద ఎలా బతకాలో నిర్ణయించుకోవడం. ఈ పనిలో మేలారెన్ జనం నాకు నచ్చింది వాళ్ల సంపద వల్ల కాదు, వాళ్ల ఓపికైన కొలత వల్ల.

ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చెప్పిన ఆండర్స్ సెల్సియస్ మనకు ఉష్ణోగ్రత కొలతతో తెలుసు. ఆయన 1731లో బాల్టిక్ ఒడ్డున యేవ్లె దగ్గరి ఒక దీవికి వెళ్లి, బండ మీద అప్పటి నీటిమట్టానికి గీత చెక్కించాడు. సముద్రం తగ్గిపోతోందని ఆయన అనుకున్నాడు. లేస్తున్నది నేల అని తర్వాతివాళ్లు తేల్చారు. ఆ గీత ఇప్పుడు నీటికి బాగా పైన ఉంది. స్టాక్‌హోమ్‌లో 1774 నుంచి నీటిమట్టం తెగకుండా రాస్తున్నారు. ప్రపంచంలో ఇంత పొడవైన సముద్రమట్టం లెక్కలు చాలా అరుదు. రాజులు మారారు, యుద్ధాలు వచ్చాయి, లాకులు కూలగొట్టి కొత్తవి కట్టారు, పుస్తకంలో అంకె మాత్రం ఆగలేదు.

ఆ అంకెల వల్లే వాళ్లకు ముందు ప్రమాదం కనిపిస్తోంది. మేలారెన్ మట్టం బాల్టిక్ కన్నా సుమారు 70 సెంటీమీటర్లే ఎక్కువ. 2000 సంవత్సరం చివర్లో ఎడతెగని వానలకు సరస్సు ఒడ్డులు దాటేంత పనయింది. ఆ తర్వాతే స్టాక్‌హోమ్ నడిబొడ్డున స్లుస్సెన్ లాకును పడగొట్టి, ఎక్కువ నీటిని వదలగలిగేలా మళ్లీ కడుతున్నారు. రెండో భయం ఇంకా పెద్దది. వేడెక్కే లోకంలో సముద్రం పెరిగితే లేచే నేల ఇక గెలవలేదు. ఒకనాడు ఉప్పునీరు వెనక్కి తన్ని ఇరవై లక్షల మంది తాగే నీళ్లలో కలవచ్చు. వాళ్లు అది రాబోయే తరాలకు జరగకుండా ఇప్పుడే లెక్క కడుతున్నారు. సిప్పీఘాట్‌లో అది జరిగిపోయింది. పల్లపు బావుల నీళ్లు ఉప్పగా మారడం మా ఇళ్లలో అందరం నాలుక మీద చూశాం. ధనీఖాడీ డ్యాము నీళ్లు ఎప్పుడొస్తాయా అని కుండలు వరసపెట్టి కూర్చునే వీధులు ఇప్పటికీ ఉన్నాయి.

మేలారెన్ చుట్టూ బతుకంతా నీటి చుట్టూ అల్లుకుని ఉంటుంది. 1903లో కట్టిన మరియెఫ్రెడ్ అనే బొగ్గు స్టీమరు వేసవిలో ఇంకా స్టాక్‌హోమ్ నుంచి తన పేరే ఉన్న ఊరికి జనాన్ని తీసుకెళ్తోంది. రాజకుటుంబం ఉండే డ్రాట్నింగ్‌హోమ్ కోట సరస్సులోని లోవోన్ దీవి మీదే ఉంది. చలికాలం సరస్సు గడ్డకడితే ముసలివాళ్లు సైతం వీపున సంచులు తగిలించుకుని మైళ్లకొద్దీ స్కేటింగు చేస్తారు. జూన్‌లో మిడ్‌సమ్మర్ పండగనాడు ఒడ్డున పచ్చిక మీద ఆకులు చుట్టిన స్తంభం నిలబెట్టి చుట్టూ ఆడతారు. మా అబ్బాయితో పనిచేసే తెలుగు పిల్లలు కూడా పులిహోర డబ్బాలతో అక్కడికే చేరారు. ఎవరి స్థలమిది అని నేనడిగితే మావాడు, "ఎవరిదీ కాదు నాన్నా, ఒడ్డు అందరిదీ" అన్నాడు. అది ఊరికే అన్న మాట కాదు, చట్టం. 1950లలో మొదలై 1975లో దేశమంతటికీ విస్తరించిన నియమం ప్రకారం సముద్రమైనా సరస్సైనా ఒడ్డు నుంచి సాధారణంగా 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు వీల్లేదు. కలిగినవాళ్లు వేసవి ఇళ్లు కట్టుకుంటూ ఒడ్డులన్నీ కంచెలు వేసుకుంటున్నారని భయపడి తెచ్చిన చట్టమది. మినహాయింపుల కోసం అక్కడా పోట్లాటలు జరుగుతాయి. అయినా ఎవరైనా నడిచి వెళ్లి నీటిని తాకగలుగుతున్నారు.

దీవుల్లో ఉన్నవాళ్లకు ఇదేమీ వింత కాదు. చాథమ్ నుంచి బంబూఫ్లాట్‌కు ఫెర్రీ ఎక్కితే బడిపిల్లలు, చేపల బుట్టలు, స్కూటర్లు, పెళ్లివారు అంతా ఒకే డెక్కు మీద నిలబడి దాటుతారు. నీటి మీద కలిసి బతకడం మాకు వచ్చు. సిప్పీఘాట్ నీటితో మాత్రం మేమింకా తేల్చుకోలేదు. కొందరు అది ఎప్పటికైనా ఎండిపోయి మళ్లీ పొలమవుతుందని ఎదురుచూస్తున్నారు. ఇంకొందరు మట్టి తోలి పూడ్చి ప్లాట్లు వేస్తే బాగుంటుందని లెక్కలు వేస్తున్నారు. పట్నానికి దగ్గర, రోడ్డు పక్కన, ధర పలికే చోటు. నేను రెండిటికీ వ్యతిరేకం.

ఎందుకో చెబుతాను. పోటుకు వచ్చే నీటికి చోటు కావాలి. ఒకచోట పూడిస్తే అది పక్కవాడి ఇంటికి పోతుంది. ఇది లెవెల్ మిషను చెప్పే మాట, నా అభిప్రాయం కాదు. పైగా ఆ నీళ్లు ఇప్పుడు ఖాళీగా లేవు. కంటి చుట్టూ తెల్లటి మచ్చ ఉండే అండమాన్ టీల్ బాతు ఈ దీవుల్లో తప్ప వేరేచోట కనబడడం బహు అరుదు. అది ఈ మునిగిన పొలాల్లో గుంపులుగా దిగుతోంది. చలికాలం ఉత్తరదేశాల నుంచి ఉల్లంకి పిట్టలు వచ్చి ఆటు వేళ బురదలో మేత వెతుక్కుంటాయి. పాత గట్ల వెంట మడచెట్లు మనిషి ఎత్తు దాటాయి. రేపు మరో పెద్ద అల వస్తే దాని జోరుకు మొదట అడ్డుపడేవి అవే. రాదనుకోవడానికి లేదు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చి లేచిన అలను పోర్ట్ బ్లెయిర్, మద్రాసు, నాగపట్నం రేవుల్లోని కొలతయంత్రాలు గీసి చూపించాయి. 1941 జూన్ 26న మరో పెద్ద భూకంపం అండమాన్‌ను కుదిపింది. మా నేల ఉన్నచోటే అలాంటిది.

ఒడ్డు ఎక్కడుందో గీసుకోకపోతే ఏమవుతుందో తెలుగు పాఠకులకు కొల్లేరు చూపించింది. కొల్లేరు చుట్టూ కూడా జనం ఎక్కువే. చేపల చెరువులు సరస్సు కడుపులోకి జరుగుతూ పోయాయి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని ప్రకటించారు. అప్పటికే అందులో వేలమంది బతుకులు పాతుకుపోయి ఉన్నాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు పేల్చినప్పుడు దెబ్బ తగిలింది చిన్నవాళ్లకే ఎక్కువ. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీళ్లు చేరాల్సింది కూడా ఆ కొల్లేటికే. గీత గీయడం ఆలస్యమైతే ఆ గీత మనుషుల ఇళ్ల మధ్య నుంచి పోతుంది. సిప్పీఘాట్‌లో ఇంకా సమయం ఉంది.

అందుకే నేను అడిగేది చిన్న పని. సిప్పీఘాట్ రోడ్డు కల్వర్టు పక్కన, అందరికీ కనబడేలా, ఒక కొలతరాయి పాతాలి. అంకెలు చెక్కిన గట్టి కాంక్రీటు స్తంభం. దాన్ని చాథమ్‌లోని సముద్రమట్టం కేంద్రానికి లెవెల్ కలపాలి. సర్వే ఆఫ్ ఇండియా అక్కడ 1880లోనే నీటిమట్టం కొలవడం మొదలుపెట్టింది, మా దీవులకు అంతకన్నా గొప్ప ఆస్తి లేదు. పున్నమికీ అమావాస్యకీ బడిపిల్లలే వచ్చి రీడింగు రాయాలి. ఆ పుస్తకం ఊరి బడిలో ఉండాలి, హిందీలో, బెంగాలీలో, తమిళంలో, తెలుగులో. నేల ఇంకా సర్దుకుంటోందా, సముద్రం ఎంత పెరుగుతోంది, కొత్త ఇల్లు ఎంత ఎత్తున కట్టుకోవాలి అనేవి ఎవరో వచ్చి చెప్పే మాటలుగా కాక ఊరి పుస్తకంలోని అంకెలుగా ఉండాలి. ఖర్చు ఒక చిన్న కల్వర్టు ఖర్చు కన్నా తక్కువ. నలభై ఏళ్ల తర్వాత ఆ పుస్తకానికి విలువ కట్టలేం.

పెద్ద పోటు చేరే అంచు ఆ స్తంభంతోనే తేలుతుంది. ఆ అంచు నుంచి కొంత దూరం దాకా పూడికలూ కట్టడాలూ వద్దని ఇప్పుడే నిర్ణయించాలి. ఆ ఒడ్డున కాలిబాట వేయాలి. మునిగిన భూమి ఎవరి పేర ఉందో ఆ కుటుంబాలకు ఆ నీటి మీద మొదటి హక్కు ఉండాలి. పీతలు పెంచుకోవడానికైనా, పిట్టలు చూడ్డానికి వచ్చేవాళ్లను తిప్పడానికైనా వాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలి. వాళ్లతో పాటు ఇంకొందరున్నారు. భూమి కాగితం లేకుండా ఆ పొలాల్లో కౌలుకు తోటకూర, బెండ, కాకర వేసి బతికినవాళ్లు. మా అమ్మ అలాంటి మడి మీదే నన్ను చదివించింది. మా వీధిలో ఎన్నో తెలుగు ఇళ్లు అలాగే గడిచాయి. నీళ్లు వచ్చిననాడు పట్టాదారుకు చూపించడానికి కాగితమైనా ఉంది, కౌలుదారుకు అదీ లేదు. ఏ లెక్కలోనూ వాళ్ల పేరు ఎక్కలేదు. ఈసారి రాసే పుస్తకంలో వాళ్ల పేర్లు మొదటి పేజీలో ఉండాలి.

మేలారెన్‌ను తెచ్చి సిప్పీఘాట్‌లో పెట్టమని నేను అనడం లేదు. వాళ్ల నీళ్లు మంచివి, మావి ఉప్పువి. వాళ్ల నేల నిదానం, మాది తొందరపాటుది. కానీ నీటిని చూసి అంకె రాయడానికి డబ్బున్న దేశమే కానక్కర్లేదు. స్టాక్‌హోమ్ ఆ పని మొదలుపెట్టిన 1774లో స్వీడన్ కూడా పేద రైతుల దేశమే.

సిప్పీఘాట్, ఒగ్రాబ్రాజ్, చౌల్దారీ వైపు ఉన్న తెలుగువారికి నా మనవి ఇది. వచ్చే గ్రామసభలో ఈ కొలతరాయి మాట ఎత్తండి, బెంగాలీ ఇరుగుపొరుగును కూడా వెంటబెట్టుకు వెళ్లండి. లెవెల్స్ తీసే పని ఉంటే నేను వస్తాను, కూలి అక్కర్లేదు.